సింపుల్‌గా మూడు పొయ్యిలు

ఆరోగ్యం కోసం తిండీ తీరూ తేలిక చేసుకున్నామంటున్నారు నందిగామ, జగ్గయ్యపేట పెద్దమనుషులు. ఆ తేలిక ఎలా ఉందంటే, ఒకే ఇంట్లో మూడు వంటలు! మామగారిది ప్రకృతి వైద్యం చెప్పే మంతెన వారి బాట: ఉప్పూ లేదు, నూనే లేదు. కొడుకు కొవ్వు డైట్ చెప్పే వీరమాచనేని వారి మనిషి: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. కోడలు చిరుధాన్యాలు తినమనే ఖాదర్ వలీ గారి పక్షం: కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు. ఇవన్నీ వండే అత్తగారి డైటేమిటో ఎవరూ అడగలేదు. గిన్నెలో ఏది మిగిలితే అదే.

ఈ మెట్టలో ఒకప్పుడు జొన్నన్నమే రోజువారీ, వరన్నం పండక్కి. 1983లో అన్నగారు ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక జొన్న అటకెక్కింది. 2022లో ఆయన పేరే జిల్లాకు పెట్టుకున్నాం. మరుసటేడు ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. తాత లేక తిన్నదాన్ని మనవడు సన్నబియ్యం కన్నా ఎక్కువ డబ్బు పోసి ప్యాకెట్లో తెచ్చుకుంటున్నాడు. చేలో మాత్రం పత్తీ, మిరపే.

ఇక నడక. మనవడు బండేసుకుని గ్రౌండుకు వెళ్లి నాలుగు రౌండ్లు కొడతాడు. వచ్చేటప్పుడు పునుగుల బండి దగ్గర ఆగి, "ఇవాళ చీట్ డే" అంటాడు. నిన్న ఏ డే అని బండాయన అడగడు. పొట్లం కట్టి ఇస్తాడు.