పెద్దల్లుడుగారి తలా, పావంగుళమూ

ఇంట్లో ఫోటోలు అచ్చేసుకోవడానికి ప్రింటరు కొంటే చాలుననుకునేవాళ్ళు అమాయకులు. ప్రింటరుకు సొంత బుద్ధంటూ ఏమీ లేదు. ఎంత సైజులో వెయ్యాలి, ఎటు తిప్పాలి, ఎవరిని ఉంచాలి, ఎవరిని కొయ్యాలి అన్నవన్నీ దానికి చెప్పేది సాఫ్ట్‌వేరు. చుట్టాలతో మాటలుంటాయా పోతాయా అన్నది తేల్చేదీ అదే. ఈ సంగతి ప్రింటరు డబ్బా మీద ఎక్కడా రాయరు. డబ్బా మీద నవ్వుతున్న దంపతులూ, ఒక పాపా, వెనకాల సముద్రమూ ఉంటాయి. మొత్తం ముగ్గురు మనుషులు. అంత చిన్న సంసారానికి ఏ సాఫ్ట్‌వేరైనా సరిపోతుంది. మావి ముప్ఫైమంది పట్టే గ్రూపు ఫోటోలు.

మా వారు ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. స్టూడియోలో కాపీకి ఎంత, ఇంకు బాటిలు ఎంత, ఒక బాటిలుకు ఎన్ని కాపీలు అని చిత్తుకాగితం మీద లెక్కవేసి, ఏడాదిలో ప్రింటరు ఖర్చు తిరిగొచ్చేస్తుందని తేల్చారు. ఆ లెక్కలో ఫోటో పేపరు ఖరీదు ఎక్కడా కనపడలేదు. అడిగితే ‘‘అది వేరే పద్దు’’ అన్నారు.

మా మరిది కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలతో బోణీ చేశాం. వేరే సాఫ్ట్‌వేరు దండగ, కంప్యూటరుతోపాటు వచ్చిన ప్రింటు కిటికీ ఉందిగా అన్నారాయన. ఆ కిటికీ అడుగున, కళ్ళజోడు పెట్టుకుంటేగానీ కనపడని ఒక గడి ఉంటుంది. దాని పక్కన ‘ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్’ అని రాసి, మనల్ని అడక్కుండానే టిక్కు పెట్టి ఉంటుంది. చదవగానే బొమ్మంతా చట్రంలో ఇమిడిపోతుంది కాబోలనిపిస్తుంది. నిజానికి అది చేసే పని చట్రాన్ని నింపడం. నిండగా మిగిలినదాన్ని చడీచప్పుడూ లేకుండా కోసి పారేస్తుంది.

మిగలడం ఎందుకంటే, ఫోన్ కెమెరాలు మామూలుగా తీసే బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది. బజార్లో దొరికే ఫోటో పేపరు 4×6 అంగుళాలు, అంటే 3:2. ఇది రీళ్ళ కెమెరాల నాటి కొలత. ఫిలిం మీద బొమ్మ 36×24 మిల్లీమీటర్లు ఉండేది కాబట్టి 4×6 కాగితం దానికి చక్కగా సరిపోయేది. రీళ్ళు పోయాయి, కాగితం మాత్రం ఉండిపోయింది. ఫోన్ బొమ్మని ఆరంగుళాల పొడుగుకు సాగదీస్తే ఎత్తు నాలుగున్నర అంగుళాలొస్తుంది. కాగితం నాలుగే. ఆ అరంగుళం ఎక్కడికి పోవాలి? పైనుంచి పావు, కిందనుంచి పావు.

పావంగుళమే కదా అనకండి. ముప్ఫైమందిని 4×6లో కుదిస్తే మనిషి తలకాయ సరిగ్గా పావంగుళం ఉంటుంది. మన ఇళ్ళల్లో వెనకవరసలో బల్ల మీద నిలబడేదెవరు? అల్లుళ్ళు. ముందు జంపఖానా మీద కూర్చునేది చంటిపిల్లలు. సాఫ్ట్‌వేరు ఏ పక్షపాతమూ చూపకుండా అల్లుళ్ళ తలలూ పిల్లల పాదాలూ సమానంగా తీసేసింది. మా పెద్దల్లుడుగారు ఆరడుగుల మనిషి. ప్రింటులో భుజాలదాకా దర్శనమిచ్చారు. జరీకండువాని బట్టి ఆయనేనని పోల్చుకున్నాం.

ఆయన భార్య, అంటే మా ఆడపడుచు, ఆ ఫోటో వెలుగులో పెట్టి ఇటూ అటూ తిప్పి చూసింది. ‘‘ఏం వదినా, మీ అన్నయ్యగారు ఫంక్షన్‌కి రాలేదని రాసుకున్నారా?’’ అంది. ఈ మాటకు సమాధానం ఏ హెల్ప్ మెనూలోనూ లేదు.

సరే, ప్రింటరు కంపెనీవాళ్ళే ఇచ్చే యాప్ ఉంటుంది కదా, తన ప్రింటరు సంగతి తనకి తెలుస్తుందని అది పెట్టాం. ఒక మాట ఒప్పుకోవాలి, కాగితాల విషయంలో దానికి మించింది లేదు. నిగనిగలాడే ఫోటో పేపరు పెట్టి, సెట్టింగులో ‘ప్లెయిన్ పేపర్’ అని వదిలేస్తే ఇంకు ఎంత వదలాలో ప్రింటరుకు తెలియదు. బొమ్మ వెలిసిపోయినట్టో, చారలు చారలుగానో వస్తుంది. కంపెనీ యాప్ ఏ పేపరు పెట్టారని ముందే అడుగుతుంది. కాకపోతే దానికి మా ఈమెయిలు కావాలి, పాస్‌వర్డు కావాలి, ఆపైన లొకేషన్ కావాలి. ప్రింటరు మా హాల్లోనే, టీవీ పక్కనే ఉంది. అది ఎక్కడుందో మాకు తెలుసు, దానికీ తెలుసు. ఇంక మూడోవాళ్ళకెందుకు? పైగా తెరిచినప్పుడల్లా ఇంకు కొనమంటుంది. మా వారు దాన్ని ‘ఇంకు ఏజెంటు’ అని పిలవడం మొదలుపెట్టాక ఇంట్లో ఇంక దానికి పరపతి లేకపోయింది.

తరవాత మా మరిది కొడుకు వచ్చాడు. కాకినాడలో బీటెక్ చదువుతున్నాడు. ‘‘పెద్దమ్మా, ఇవన్నీ పిల్లాటలు. ఫోటోషాప్ ఉండగా వేరేవి ఎందుకు?’’ అన్నాడు. ఫోటోషాప్‌ని మొదలుపెట్టింది థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు. 1990లో బజారుకొచ్చింది. అన్నదమ్ములు కలిసి ఒక పని పూర్తిచేశారంటే నాకు గౌరవమే. మన ఊళ్ళ స్టూడియోల్లో ఇప్పటికీ 2002 నాటి ఏడో వెర్షన్ మీదే బండి లాగించేవాళ్ళున్నారు. అయితే ఆ స్టూడియో కుర్రాడి చేతికి అలవాటైన విద్య ఒక ఆదివారం మధ్యాహ్నంలో మనకు పట్టుబడుతుందా?

మావాడు అత్తయ్యగారి ఫోటో తెరిచాడు. ఉప్పాడ చీర, వంగపండు రంగు. తెర మీద చీర మడతలు కూడా లెక్కపెట్టొచ్చు. అచ్చేశాక బీట్‌రూట్ రంగుకు తిరిగింది, ఆవిడ ముఖం కూడా చీరకు మ్యాచింగు అయింది.

కారణం తరవాత తెలిసింది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపిస్తుంది. కాగితానికి వెలుగు లేదు, దాని మీద పడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులే గతి. తెర మీది ఫలానా రంగుకు ఈ కాగితం మీద ఏ ఇంకు ఎంత వెయ్యాలో చెప్పే పట్టిక ఒకటుంటుంది, దాన్ని ఐసీసీ ప్రొఫైల్ అంటారు. ప్రింటు కొట్టేముందు ఫోటోషాప్ ఒక ప్రశ్న వేస్తుంది: రంగుల పెత్తనం నాదా, ప్రింటరుదా? నాదే అని మావాడు ఫోటోషాప్ చేత అనిపించాడు. ప్రింటరు సెట్టింగుల్లోకి వెళ్ళి దాని పెత్తనం మాన్పించలేదు. దాంతో ఒకసారి దిద్దిన రంగుల్ని రెండోవాళ్ళు మళ్ళీ దిద్దారు. ఒకే పని మీద ఇద్దరు పెత్తందార్లుండడమన్న సమస్య మా ఇంట్లో సాఫ్ట్‌వేర్లు రాకముందు నుంచీ ఉన్నదే. కానీ దాన్ని తేల్చుకోవడానికి ఒక సెట్టింగు ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

‘‘నా చీర ఎవరైనా మార్చేశారా?’’ అని అత్తయ్యగారు అడిగి ఊరుకున్నారు. బీరువా తెరిచి చూసుకోవడం మాత్రం నేను గమనించాను.

మధ్యలో ఇంకో ప్రమాదం తప్పింది. పాత ఫోటోల్ని కొత్తగా చేస్తామనే ఫోన్ యాప్ ఒకటి పెట్టి, మావాడు మామగారి తండ్రిగారి ఫోటోని అందులో వేశాడు. నలుపు తెలుపు బొమ్మ, అంచులు చిరిగింది. క్షణంలో ముడతలు పోయి, బుగ్గలు నునుపెక్కి, పలువరస ముత్యాల్లా వచ్చింది. తాతగారికి ముందు పన్ను లేదన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆ సందులోంచి ఆయన వేసే ఈల కూడా అంతే పేరున్నది. ఆ కొత్త పళ్ళాయన్ని దండ వేసి గోడకు తగిలిస్తే తద్దినం ఎవరికి పెడుతున్నామో తెలియదు. బొమ్మలో లేనిదాన్ని తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేరు, ఉన్నదాన్ని కోసేదానికన్నా ప్రమాదం. తల తెగితే కనీసం తెగినట్టు తెలుస్తుంది.

ఈ తిరుగుళ్ళన్నిటిలో నాకు బెంగపుట్టించింది పికాసా. గూగుల్ దాన్ని 2004లో కొంది, 2016లో మూసేసింది. అందులో ప్రింటు నొక్కితే రెండు బొత్తాలుండేవి: ‘ష్రింక్ టు ఫిట్’, ‘క్రాప్ టు ఫిట్’. కుదించి పట్టించమంటారా, కోసి పట్టించమంటారా? అంతే. కోసేదాన్ని కోత అనే అంది, ఇమడ్చడం అని ముద్దుపేరు పెట్టలేదు. నాకు సాఫ్ట్‌వేరు నుంచి కావలసింది ఇంతే మర్యాద. నూట పదహారు ఫ్రేములూ, గులాబీల బోర్డర్లూ, ‘హ్యాపీ మూమెంట్స్’ అక్షరాలూ అక్కర్లేదు. కత్తెర ఎత్తేముందు ఒక మాట అడగాలి. మంగలి అడుగుతాడు, దర్జీ అడుగుతాడు, దీనికేం రోగం?

చివరికి దొరికింది ఇర్ఫాన్‌వ్యూ. బోస్నియాలోని యాయ్‌త్సే ఊరి కుర్రాడు ఇర్ఫాన్ స్కిల్యాన్, చదువు కోసం వియన్నా వెళ్ళి, 1996లో బయటపెట్టిన ప్రోగ్రాం. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. సైజు కూడా మనం తీసే ఒక్క ఫోటోకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్కటే చిక్కు. దాని గుర్తు పిల్లి. ఎర్రటి పిల్లి, అదీ నేలకు అతుక్కుపోయినట్టు చదునుగా పడి ఉంటుంది. పని మొదలుపెడదామని తెరవగానే పిల్లి ఎదురు. అత్తయ్యగారు శకునం బాగాలేదన్నారు. నల్లపిల్లి కాదు కదమ్మా అన్నారు మా వారు. ‘‘ఆగి మంచినీళ్ళు తాగి మొదలుపెట్టండి’’ అని ఆవిడ ఒక మెట్టు దిగారు. ఇప్పటికీ మా ఇంట్లో ఫోటో ప్రింటంటే ముందు గ్లాసుడు నీళ్ళు.

ఇందులో కొలత చెప్పి కోసే సౌకర్యం ఉంది. 3:2 అని చెబితే బొమ్మ మీద ఆ కొలతలో ఒక గడి గీస్తుంది. దాన్ని పైకీ కిందికీ జరిపి, ఏది పోవాలో మనమే తేల్చుకోవచ్చు. ఇన్నాళ్ళూ యంత్రం మీదికి నెట్టిన నేరం ఇప్పుడు ఇంటి పెద్దకోడలి చేతికొచ్చింది. గడిని పైకి జరిపాను. అల్లుళ్ళందరికీ తలలొచ్చాయి. అరంగుళమూ కిందనుంచే పోయింది. పిల్లల కాళ్ళే కదా, వాళ్ళేమీ ఫిర్యాదు చెయ్యరనుకున్నాం. పిల్లలు చెయ్యలేదు. ఆ కాళ్ళకు వెండి పట్టీలు పెట్టిన అమ్మమ్మగారు చేశారు.

ఇంక మిగిలింది బొమ్మ మొత్తం కుదించి వేయడం. ఎత్తు నాలుగంగుళాలకు సరిపెడితే అటూ ఇటూ మూడోవంతు అంగుళం చొప్పున తెల్లపట్టీలు మిగులుతాయి. తలలున్నాయి, పట్టీలున్నాయి, అందరూ అందరికీ కనపడుతున్నారు. మా వారికి మాత్రం నిద్రపట్టలేదు. ‘‘తెల్లగా వదిలేసిన జాగాకు కూడా పేపరు డబ్బు మనమే కడుతున్నాం’’ అన్నారు. అది వేరే పద్దు కదండీ అన్నాను.

ఇంత జరిగాక ఈ కబురు మేడ మీదికి పాకింది. పైవాటా పిన్నిగారు ఒక ఉదయం దిగివచ్చారు. ఆవిడకి బ్యాంకు పనికి పాస్‌పోర్టు సైజు ఫోటోలు కావాలి, బాబాయిగారికి అమెరికా వీసాకు కావాలి. 35×45 మిల్లీమీటర్ల ఫోటోలు ఒక 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. స్టూడియోల్లో ఎనిమిదేసి ఇవ్వడం అందుకే. వీసాది 2×2 అంగుళాలు, అవి ఆరు పడతాయి. ‘‘ఎనిమిదెందుకమ్మా నాకు? నాలుగు చాలు. ఆయనవి రెండు. ఒక్క కాగితం మీదే సర్దేస్తావని వచ్చాను’’ అన్నారు.

మా వారు వెంటనే లెక్క చూశారు. పడుతుంది! ఇద్దరి బొమ్మలు, రెండు సైజులు, ఒకే కాగితం. ఇలాంటివి సర్దడానికే క్యూఇమేజ్ అని ఒకటుంది. ఆర్టీసీ కండక్టరు లోపలికి జరగండి, జరగండి అంటూ పెద్దా చిన్నా అందరినీ ఎక్కించేసినట్టు, రకరకాల సైజుల ఫోటోల్ని సందు వదలకుండా కాగితం మీద తనే సర్దేస్తుంది. కానీ డబ్బిచ్చి కొనుక్కోవాలి. పోనీ పిల్లి ప్రోగ్రాంలోనే ఎలాగోలా అతికించి వేసిచ్చి, కాపీకి ఇంతని పుచ్చుకుందామా అని మా వారు నన్ను వంటింట్లోకి పిలిచి గుసగుసలాడారు. ఇంటి వాడకానికైతేనే అది ఉచితం, వ్యాపారం చేస్తే లైసెన్సు కొనాలని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

హాల్లోంచి పిన్నిగారు అంతా విన్నట్టున్నారు. ‘‘మనలో మనకి డబ్బులేమిటమ్మా? అయినా మీకు నష్టం రానిస్తానా, కాగితం నేనే తెచ్చాను’’ అంటూ నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం నా చేతిలో పెట్టారు.