కప్పు పెట్టకూడని కోస్టరు

అక్టోబరు నెల. న్యూజెర్సీలో మా మేనకోడలి ఇల్లు. చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టబోయానో లేదో, చూరులో పాము కనబడ్డట్టు కేక పెట్టింది.

"అత్తా! దాని మీద కాదు!"

దేని మీదబ్బా అని వంగి చూశాను. నారింజరంగు దారంతో అల్లిన గుమ్మడికాయ. అరచేయంత ఉంది. నెత్తిన ఆకుపచ్చ తొడిమ, పక్కన మెలికలు తిరిగిన తీగ. ఆ పక్కన తుప్పురంగు మేపుల్ ఆకు. దాని పక్కన ఓక్ చెట్టు కాయ, టోపీతో సహా.

"ఇవేమిటే?"

"కోస్టర్లు అత్తా. ఫాల్ సెట్. నేనే అల్లాను."

"కోస్టరంటే కప్పు పెట్టుకునేదే కదా?"

"అవుననుకో. కానీ మరక పడుతుంది."

బల్లకి మరక పడకుండా కోస్టరు పుట్టింది. కోస్టరుకి మరక పడకుండా కప్పుని దూరంగా పెట్టాలి. మరి కప్పు ఎక్కడ పెట్టాలి? మా పిల్ల సొరుగులోంచి ఒక కార్కు బిళ్ళ తీసి నా ముందు పెట్టింది. కోస్టరుని కాపాడే కోస్టరన్నమాట. ఇంతకీ ఆ బల్ల గాజుది. తడిగుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే మరక కాదు, మచ్చ కూడా ఉండదు.

అమెరికాలో సెప్టెంబరు రాగానే ఇదొక వ్రతం. "శరత్కాలపు కోస్టర్లు అల్లుకోండి, ఇంటికి వెచ్చదనం తెచ్చుకోండి" అంటారు. ప్రతి వ్రతానికీ ఫలశ్రుతి ఉన్నట్టే దీనికీ ఉంది: మిగిలిన దారంతో అయిపోతుంది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, ఇంటికి పనికొస్తుంది, ప్రకృతికి దగ్గర చేస్తుంది, మనసుకి ప్రశాంతతనిస్తుంది. అయిదు ఫలాలూ ఒక్కొక్కటే ఒలిచి చూద్దాం.

మొదటిది, మిగిలిన దారం. మా పిల్ల దగ్గర మిగిలిన దారమంతా నీలం, గులాబి. కిందటి వేసవిలో ఎవరికో పుట్టిన కవలలకి టోపీలల్లగా మిగిలింది. నీలం గుమ్మడికాయ అల్లితే లోకం ఒప్పుకోదు కాబట్టి నారింజ, ఆవపిండి రంగు, వైన్ రంగు, తుప్పురంగు కొత్తగా కొంది. మన ఇళ్ళల్లో గేటుకి తుప్పు పడితే రంగు కొనుక్కొస్తాం. ఇక్కడ తుప్పునే రంగని కొంటారు. కోస్టర్లు అయ్యాక నాలుగు ఉండల్లోనూ ముప్పాతిక మిగిలింది. ఆ మిగులు వచ్చే ఏటి కోస్టర్లకట. మిగులు దారం వాడడానికి కొత్త దారం కొని దాన్ని మిగల్చడం: ఈ లెక్క చక్రవడ్డీ వ్యాపారులకి కూడా తట్టలేదు.

రెండోది, ఒక్క సాయంత్రం. గుండ్రటి బిళ్ళకి లెక్కుంది. మొదటి వరసలో ఆరు సింగిల్ కుట్లు. తర్వాత వరస వరసకీ ఆరేసి పెంచాలి: పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఎనిమిది వరసలకి మొత్తం 216 కుట్లు. లెక్క తప్పి ఎక్కువేస్తే అంచు అప్పడంలా అలలు తేలుతుంది, తక్కువేస్తే బిళ్ళ కాస్తా మూకుడవుతుంది. పైగా అమెరికా వాళ్ళు సింగిల్ అనే కుట్టునే ఇంగ్లండు వాళ్ళు డబుల్ అంటారు. మా పిల్ల మొదటి ఆకుని అమెరికా కళ్ళతో ఇంగ్లండు పాఠం చదివి అల్లింది. ఆకు కావలసింది విస్తరాకయింది. విప్పి మళ్ళీ మొదలెట్టింది. ఆ "ఒక్క సాయంత్రం" శుక్రవారం మొదలై పైబుధవారానికి ముగిసింది.

మూడోది, పనికిరావడం. అయిసు వేసిన గ్లాసుకి బయట చెమట పడుతుంది, ఆ నీళ్ళు పీల్చుకోవడం కోస్టరు ఉద్యోగం. నూలు దారమైతే పీలుస్తుంది. కానీ ఆ శరత్కాలపు రంగులు చవగ్గా, రకరకాలుగా దొరికేది యాక్రిలిక్ దారంలో. యాక్రిలిక్ అంటే ముడిచమురు మనవడు, ప్లాస్టిక్ దాయాది. నీటితో దానికి చుట్టరికం లేదు. చెమట చుక్క దాని మీద పడి, అల్లికలో కంతలున్నాయి కనక హాయిగా కిందికి జారి, బల్ల మీద స్థిరపడుతుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె పెడితే దారమే కరిగి బల్లకి అతుక్కుంటుంది. పెళ్ళివారు మర్యాదకి నిలబెట్టిన పెద్దమనిషిలా అక్కడ కోస్టరుంది. పనేమీ చెప్పకూడదు.

నాలుగోది, ప్రకృతి. ఇక్కడ నోరు నొక్కుకోవాలి. మా పిల్ల లోపల కూచుని దారంతో మేపుల్ ఆకు అల్లుతోంది. సరిగ్గా అప్పుడే కిటికీ బయట వీపుకి యంత్రం తగిలించుకున్న మనిషి చెవులు చిల్లులు పడే మోతతో నిజం మేపుల్ ఆకుల్ని ఊది ఊది కుప్పపోస్తున్నాడు. వాటిని కాగితం సంచుల్లో కుక్కి వీధి చివర పెడితే మునిసిపాలిటీ బండి పట్టుకుపోతుంది. నిజం ఆకుని వదిలించుకోవడానికి డబ్బిచ్చి, దొంగ ఆకుని తెచ్చుకోవడానికి మళ్ళీ డబ్బిచ్చారు. చెట్టు ఆకు ఎర్రబారేది గృహాలంకరణ కోసం కాదు పాపం. చలికాలం గడవాలి కనక ఆకులో సత్తువంతా వెనక్కి లాక్కుంటుంది. పచ్చదనం విరిగిపోయి, అడుగున దాగిన పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లు కొత్తగా ఎరుపు తయారుచేసుకుంటాయి. ఆ పైన ఆకు రాలి, కుళ్ళి, మట్టికి ఎరువవుతుంది. యాక్రిలిక్ ఆకు రాలదు, కుళ్ళదు. జనవరిలో ప్లాస్టిక్ డబ్బాలో చేరి అటకెక్కుతుంది. డబ్బా మీద చీటీ: "ఫాల్".

చెట్టూ చలీ ఉన్న ఊళ్ళో వాళ్ళు ఏదో ముచ్చటపడ్డారు, సరే. అదే మేపుల్ ఆకు హైదరాబాదు ఫ్లాట్లో, ఫ్యాను తిరుగుతుండగా టీపాయ్ మీద కనబడితే ఏమనాలి? మన ఆశ్వయుజ కార్తికాల్లో రాలేది ఆకు కాదు, తుపాను వాన. మనకి ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. మన శరత్తుకి అలంకారం లేదా అంటే, ఉంది. గునుగు, తంగేడు, బంతి తెచ్చి తెలంగాణ ఆడవాళ్ళు బతుకమ్మని పేరుస్తారు. వరస మీద వరస, గుండ్రంగా, లెక్కగా. తొమ్మిది రోజులాడి చెరువులో వదులుతారు. ఆ అలంకారానికి ఎప్పుడు వెళ్ళిపోవాలో తెలుసు. అటక అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు. ఇదంతా నేను ఎవరినీ ఉద్దేశించకుండానే చెబుతున్నాను. గుమ్మడికాయల దొంగ అన్నట్టు మా పిల్ల మాత్రం భుజాలు తడుముకుంది.

"అది కాదత్తా, ఇది అల్లుతుంటే మనసుకి ఎంత ప్రశాంతంగా ఉంటుందో! ఖాళీ టైములో సరదాగా..."

అయిదో ఫలం దగ్గరికి తనే వచ్చింది. అక్కడ నా వెక్కిరింత ఒక్క క్షణం తడబడింది. ఎందుకంటే "ఖాళీ టైములో సరదాగా" అన్న మాట మా వైపు నేను చిన్నప్పట్నించీ విన్నది.

మా పిల్ల కోస్టర్లల్లిన ఈ పనిని క్రోషే అంటారు. నిట్టింగుకి యంత్రాలొచ్చాయి కానీ క్రోషే నేటికీ చేతిపనే. అంటే అంగట్లో చవగ్గా దొరికే ప్రతి క్రోషే ముక్క వెనకా ఎవరిదో ఒక చెయ్యి ఉంది. ఆ చేతుల్లో మా గోదావరి జిల్లాలవీ ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు మిషనరీలు నరసాపురం ప్రాంతపు ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారు. అప్పట్నించీ నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో అరుగుల మీద అల్లిన లేసు దొరల బల్లల మీదికి ఓడెక్కి పోయింది. మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త నరసాపురం వచ్చి, ఈ ఆడవాళ్ళ గురించి 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వేసింది. ఆవిడ తేల్చింది ఒకటే: వీళ్ళు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న కార్మికులు. లోకం మాత్రం వీళ్ళని ఇంట్లో ఖాళీగా కూచుని ఏదో అల్లుకుంటున్న గృహిణులంది. ఖాళీ సమయానికి కూలేమిటని ముక్కకింత చొప్పున చిల్లర విదిల్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి గౌరవం దక్కింది, సంతోషం.

మా పెద్దమ్మ ఆ అరుగుల మీద నలభై ఏళ్ళు అల్లింది. ఆవిడ అల్లిన బల్లగుడ్డలు ఎన్ని దేశాలు చూశాయో తెలీదు. ఆవిడింట్లో బల్ల లేదు. ఇత్తడి గ్లాసు అరుగు మీద పెట్టుకుని, మరక పడితే చీర చెంగుతో తుడిచేది.

ఆ రాత్రి ఆవిడకి వీడియో కాల్ చేశాం. అక్కడ తెల్లారింది. మా పిల్ల గుమ్మడికాయని కెమెరా ముందుకి పట్టుకుని, "మామ్మా, చూడు, నేనే అల్లాను" అంది.

పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని ఫోను దగ్గరికి లాక్కుంది. "బాగుందమ్మడూ. ఆఖరి వరసలో కుట్లు ఎక్కువ పడ్డాయి, అందుకే అంచు లేస్తోంది. ఆ పైది విప్పి అల్లు." తర్వాత ఆవిడకి తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "ముక్కకెంత ఇస్తారంట?"

"అమ్మడానికి కాదు మామ్మా. ఊరికే, సరదాకి."

పెద్దమ్మ తల ఊపింది.

"మా షావుకారూ అదే అనేవాడే తల్లీ. సరదాకేగా అల్లుకుంటున్నారు, మీకు డబ్బెందుకని."