అమీర్‌పేట నుంచి ఆఫ్రికాకు: విదేశీ సువార్త యాత్రకు సులభ సిలబస్

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. మైత్రీవనం చుట్టూ ఓ చక్కరు కొడితే జావా, పైథాన్, శాప్ మొదలుకొని ఇంటర్వ్యూ గదిలో చేతులెక్కడ పెట్టుకోవాలో దాకా అన్నిటికీ బోర్డులున్నాయి. విదేశీ సువార్త యాత్రకు కోచింగ్ ఇచ్చే బోర్డు మాత్రం కనిపించదు. వేసవి సెలవులు దగ్గరపడేసరికి అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లోని చర్చి యూత్ పడే అవస్థ చూడలేక ఆ లోటు మేమే తీరుస్తున్నాం. ఫీజు లేదు. కానుక మీ ఇష్టం.

మొదటి పాఠం: భారం

అన్నిటికన్నా ముందు మీకు భారం కలగాలి. యూత్ మీటింగ్‌లో చివరి పాట అయ్యాక, కీబోర్డు అబ్బాయి ఇంకా మెల్లగా వాయిస్తూ ఉండగానే లేచి, "ప్రైజ్ ద లార్డ్. కొన్నాళ్లుగా ఆఫ్రికా మీద నాకు చాలా భారంగా ఉంది బ్రదర్" అనండి. ఆఫ్రికాలో ఏ దేశమని ఎవరూ అడగరు. అడిగితే "ప్రార్థనలో పెట్టాను" అంటే సరిపోతుంది.

అయితే ఆ భారం ఎక్కడ పడుతోందో ఒక కంట కనిపెట్టుకోవాలి. కొందరికి పొరపాటున ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి మీదో, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బెలూన్లమ్మే పిల్లల మీదో పడిపోతుంది. వాళ్లకు పాస్‌పోర్టుతో పని లేదు, మెట్రో కార్డు చాలు. కాబట్టి వాళ్ల సంగతి ఈ సిలబస్‌లో లేదు.

రెండో పాఠం: దేశం

నేపాల్ చవక. మనవాళ్లకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చూపించి వెళ్లొచ్చు. చిక్కల్లా అక్కడి చట్టంతోనే. 2015 రాజ్యాంగం ఒకరి మతాన్ని మరొకరు మార్పించడాన్ని నిషేధించింది. 2018లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం అందుకు ఐదేళ్ల దాకా జైలు. పౌలు, సీల చెరసాలలో పాటలు పాడిన కథకు సండే స్కూల్లో మీరూ యాక్షన్ సాంగ్ చేసే ఉంటారు. కానీ సెమిస్టర్ పరీక్షల ముందు అంత లోతుకు దిగడం మంచిది కాదు. పైగా నేపాల్ వెళ్తే పాస్‌పోర్టు మీద ముద్ర పడదు. ఆ ముద్ర మహిమ తరవాతి పాఠంలో చెబుతాం.

మలేషియాకు 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లు వీసా లేకుండా నెల రోజులు వెళ్లొచ్చు. అక్కడ ముస్లింలకు వేరే మతం బోధించడం చాలా రాష్ట్రాల్లో నేరం. జంట టవర్ల చుట్టూ ప్రార్థిస్తూ నడిచి, మధ్యమధ్య ఫొటోలు దిగడం మాత్రం ఎక్కడా నేరం కాదు.

మా సిఫారసు కెన్యా. 2024 నుంచి ప్రయాణ అనుమతి ఆన్‌లైన్లోనే వస్తుంది. అక్కడి జనాభాలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులే. ఇక్కడ 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద మనం నూటికి ఇద్దరం కూడా లేం. కాబట్టి మీ సువార్త అక్కడ విఫలమయ్యే ప్రమాదం లేదు, మీరు విమానం ఎక్కకముందే ఫలితం వచ్చేసింది. ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు హైదరాబాద్‌లోనే వందల మంది ఉన్నారు కదా, వాళ్లను ముందు పలకరిస్తే పోలా అని ఎవరైనా పెద్దావిడ అడగొచ్చు. మెట్రోలో వాళ్ల పక్క సీటు ఖాళీగా ఉన్నా మనం నిలబడే ప్రయాణం చేస్తాం గనక ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత పాస్టర్ గారికి వదిలేయండి.

మూడో పాఠం: పాస్‌పోర్టు, వీసా, ముద్ర

ఏళ్ల తరబడి అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో ఉన్న పాస్‌పోర్టు సేవా కేంద్రం 2025లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది. అంటే మీ యాత్రలో మొదటి మజిలీ ఇమ్లీబన్ బస్టాండు. మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2,000. యాత్ర సంగతి నిరుడే తెలిసినా తత్కాల్‌లోనే వేయండి. "ఆఖరి నిమిషంలో దేవుడు ద్వారం తెరిచాడు" అనే సాక్ష్యానికి అదే ఆధారం.

ప్రయాణ అనుమతి ఫారంలో కారణం అన్నచోట "పర్యటన" అని రాయండి. చర్చి గేటుకు కట్టే ఫ్లెక్స్ మీద "సువార్త దండయాత్ర" అని వేయించండి. ఈ రెండూ ఒకే ఫొటోలో పడకుండా చూసుకునే పని ట్రెజరర్‌కు అప్పజెప్పండి. మన దేశం కూడా మిషనరీలకు వేరే వీసా పెట్టింది. టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీయుడు ఇక్కడ బోధిస్తే నిబంధనలకు విరుద్ధమే. ఆ నిబంధన మనకు వాళ్ల విషయంలో బాగా గుర్తుంటుంది.

ఇక ముద్ర. అమీర్‌పేట కన్సల్టెన్సీలు పిల్లలకు చెవిలో చెప్పే రహస్యం ఒకటుంది. ఎమ్మెస్‌కు వెళ్లే ముందు పాస్‌పోర్టులో ఒకటి రెండు దేశాల ముద్రలుంటే నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో కాస్త కలిసొస్తుందట. మీ క్లాస్‌మేట్లు ఇదే పని మీద చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూట ఎనిమిది చేసి మొక్కు తీర్చుకుంటారు. మనవాళ్లు సువార్త యాత్ర చేస్తారు. సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ పాఠం సంగతి ఎత్తకండి.

నాలుగో పాఠం: నిధులు

ఆదివారం ఆరాధన అయ్యాక చికెన్ బిర్యానీ ప్యాకెట్లు అమ్మండి. చర్చి వాళ్లు కొన్న ప్యాకెట్లే చర్చి వాళ్లు తింటారు, దాన్ని నిధుల సమీకరణ అంటారు. తరవాత కవర్లు పంచండి. కార్లలో వచ్చేవాళ్లు కవరు ఇంటికి తీసుకెళ్లి ప్రార్థిస్తారు. వెనక వరసలో కూర్చునే అవ్వ మాత్రం 2,016 రూపాయల పింఛనులోంచి రెండు వందలు తీసి అక్కడే పెట్టిస్తుంది. పల్లె చర్చిల్లో ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి కానుకిచ్చే తల్లుల తరం ఆమెది. కవరు పుచ్చుకుని "గాడ్ బ్లెస్ యూ అమ్మమ్మా" అనండి. ఆ రెండు వందలతో నైరోబీ విమానాశ్రయంలో కాఫీ వస్తుందో రాదో ఆవిడకు చెప్పకండి.

ఐదో పాఠం: టీషర్టు, సూది

టీషర్టు రంగు మీద కమిటీ మూడు వారాలు కూర్చోవాలి. ఛాతీ మీద మత్తయి 28:19, వీపు మీద దేశం పేరు, ఏడాది. పర్యాటకులమని రాసిచ్చిన దేశంలో ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గరికి ఇరవై మందీ ఇదే తొడుక్కుని వెళ్లాలి.

ఎల్లో ఫీవర్ సూది మాత్రం తమాషా కాదు. అది సందుచివరి క్లినిక్‌లో దొరకదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గర్లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) ఉంది. వేయించుకున్న పది రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు. 2016 నుంచి ఒక్క సూది జీవితాంతం సరిపోతుందని నిబంధన మార్చారు. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. "విశ్వాసికి సూదెందుకు" అనే అన్నయ్య ప్రతి యూత్‌లోనూ ఒకరుంటారు. ఆయన్ని ఆరు రోజుల ఉపవాస ప్రార్థనకు నాయకుడిగా ముందే ప్రకటించండి.

ఆరో పాఠం: భాష, స్కిట్

స్వాహిలీ నేర్చుకోవడానికి టైం ఎక్కడిది? "బ్వానా అసిఫివే" ఒక్కటి పట్టుకోండి. మనం "ప్రైజ్ ద లార్డ్" అన్నట్టే అక్కడి విశ్వాసులు అలా పలకరించుకుంటారు. మిగతాదంతా స్కిట్ చూసుకుంటుంది. వేసవి బైబిలు బడి (వీబీఎస్)లో వాడే మాటలు లేని పుస్తకం పెట్టెలో పెట్టుకున్నారు కదా. పాపానికి నల్ల పేజీ, పరిశుద్ధతకు తెల్ల పేజీ. స్కిట్‌లో కూడా సాతానుకు నల్ల బట్టలు, ముఖానికి మసి. యేసు వేషం యూత్ మొత్తంలో తెల్లగా ఉన్న అబ్బాయికి. నైరోబీ పిల్లల ముందు నల్ల పేజీ విప్పి "మీ హృదయం ఇదీ" అనే ముందు ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు ఓసారి చూడండి. చూడకపోయినా నష్టం లేదు. మర్యాద తెలిసినవాళ్లు, చప్పట్లు కొడతారు.

మీరు విమానం ఎక్కే శంషాబాద్‌లోనే 1932లో మెనొనైట్ మిషనరీ దంపతులకు పాల్ హీబర్ట్ అనే పిల్లాడు పుట్టాడు. పెద్దయ్యాక పాలమూరు జిల్లా కొండూరులో ఉండి, ఆ పల్లె కులాలు, కట్టుబాట్లు, పండగలు, తగాదాలు అన్నీ గమనించి 1971లో పుస్తకం వేశాడు. ఆ తరవాత అమెరికాలో మిషనరీలు కాబోయేవాళ్లకు, ఎదుటివాళ్లు లోకాన్ని ఎలా చూస్తున్నారో ముందు తెలుసుకోమని పాఠాలు చెప్పాడు. ఆ లెక్కన మీరు వీడియో కాల్ చేసి స్కిట్ గురించి అక్కడి పాస్టర్ గారినే అడగాల్సి వస్తుంది. రిహార్సల్స్ అయిపోయాక అంత పెంట దేనికి?

ఏడో పాఠం: సామాను

బైబిలు ఫోన్లో ఉంటుంది కాబట్టి లగేజీలో చోటు బోలెడు. ఆవకాయ, గోంగూర, కరివేపాకు కారం, పులిహోర పేస్టు, రైస్ కుక్కర్ సర్దుకోండి. మిగిలిన చోట్లో పంచడానికి మీ పాత బట్టలు. నైరోబీలో గికోంబా అని ఒక పెద్ద బజారుంది. లోకమంతా విడిచేసిన పాత బట్టలు బేళ్లకు బేళ్లు అక్కడికే చేరతాయి. మీ ఇంటర్ నాటి జీన్స్ లేక ఆ బజారు వెలితిగా ఉంది.

ఎనిమిదో పాఠం: ఎవరి దారిలో పోకూడదు

చెడ్డ ఉదాహరణలు కూడా తెలిసుండాలి. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ తోటల్లో కూలి ఒప్పందం మీద పనిచేయడానికి వెళ్లిన మొదటి భారతీయులు ఆ ఓడలో దిగారు. తరవాతి ఓడల్లో వేలమంది తెలుగువాళ్లు వెళ్లి చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పడ్డారు. వాళ్లలో బాప్టిస్టులున్నారు. తమ భాషలో ప్రార్థన చేసే మనిషి లేక అల్లాడారు.

అమెరికా బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టింది 1840లో. అరవై మూడేళ్లు తిరిగేసరికి, పుచ్చుకున్న తెలుగు సంఘాలే ఇచ్చే స్థితికి వచ్చాయి. తమ హోమ్ మిషనరీ సొసైటీ తరఫున 1903లో జాన్ రంగయ్యను నాటాల్‌కు పంపాయి. తెల్లదొర ఎవరూ పంపలేదు, తెలుగువాళ్ల కానుకలే పంపాయి. ఆ ఏడు డిసెంబర్‌లోనే కియర్‌స్నీ తేయాకు తోటల దగ్గర ఆయన తెలుగు బాప్టిస్టు సంఘాన్ని కట్టాడు. 1915లో కన్నుమూసేదాకా తోటకూ తోటకూ తిరుగుతూ అదే పనిలో ఉన్నాడు.

ఈ యాత్రలోని లోపాలు మీకు ఇప్పటికే కనిపించి ఉంటాయి. తిరుగు టికెట్టు మీద ధ్యాస లేదు. ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో వాళ్ల భాష ముందే వచ్చు. అక్కడ కొరత ఏమిటో తెలుసుకున్నాకే బయల్దేరాడు. టీషర్టు లేదు. పన్నెండేళ్లంటే మీ డిగ్రీ, ఎమ్మెస్, పెళ్లి, గ్రీన్‌కార్డు దరఖాస్తు అన్నీ అందులోనే కొట్టుకుపోతాయి. ఈ పద్ధతి మా సంస్థ సిఫారసు చేయదు. మన నమూనాలో పది రోజులు చాలు: ఒక రోజు సఫారీ, రెండు రోజులు జెట్‌లాగ్, ఒక రోజు బడి గోడకు రంగు. ఆ గోడకు రంగు వేయగల పెయింటర్ ఆ వీధిలోనే కూలి లేక కూర్చుని ఉంటాడు. మీ పక్కనే నిలబడి బ్రష్ ఎలా పట్టుకోవాలో కూడా చూపిస్తాడు, భయపడకండి.

తొమ్మిదో పాఠం: సాక్ష్యం

తిరిగొచ్చిన ఆదివారం స్లైడ్ షో. మొదటి స్లైడు మీరు, రెండోది మీ చుట్టూ పిల్లలు, మూడోది సింహం. "వాళ్ల దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!" అనే వాక్యం తప్పనిసరి, దానికి మార్కులున్నాయి. గొంతు కాస్త వణకాలి.

స్లైడ్ షో అయ్యాక ఇంటికి వెళ్తూ పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి ముందు నుంచి పోకండి. ఖమ్మం నుంచీ ఆదిలాబాద్ నుంచీ రోగులతో వచ్చినవాళ్లు అక్కడ గోడ పక్కన దుప్పట్లు పరుచుకుని ఉంటారు. ఆరోగ్యశ్రీ కాగితం ఏ కౌంటర్లో ఇవ్వాలో, డాక్టరు రాసిన చీటీలో ఏముందో చదివిపెట్టేవాళ్లు కావాలి వాళ్లకు. వీసా అక్కర్లేదు, సూది అక్కర్లేదు, వాళ్లు మాట్లాడేది తెలుగే. ఇన్ని సౌకర్యాలున్నచోట పరిచర్య చేస్తే సాక్ష్యంలో పస ఉండదు. పైగా రేపు మళ్లీ రమ్మంటారు.

మోడల్ పేపర్

చివరగా, కమిటీ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు. ఒకటి: ఎన్ని ఆత్మలు రక్షించబడ్డాయి? గుండ్రటి అంకె చెప్పండి. రెండు: మళ్లీ వెళ్తారా? "ప్రభువు చిత్తం" అనండి. మూడు: అక్కడ మీరు కలిసినవాళ్లలో ముగ్గురి పేర్లు, వాళ్ల ఇంటి సంగతులు, వాళ్లు మీకు నేర్పిందొకటి రాయండి.

మూడో ప్రశ్న ఛాయిస్‌లో వదిలేయొచ్చు. ఎవరైనా పూర్తిగా జవాబు రాస్తే వచ్చే ఏడు జట్టులోంచి వాళ్ల పేరు తీసేస్తారు. వాళ్లు అదే ఊరికి, అదే మనుషుల దగ్గరికి మళ్లీ పోతామంటారు, కమిటీ చూస్తే ఈసారి జార్జియా అనుకుంటోంది.