అరసున్న ఐదు నిమిషాలు

"ఐదు నిమిషాలు చాలు మావయ్యా, రోజుకో పేజీ" అన్నాడు మా అక్క కొడుకు. నిన్న పొద్దున 50 నిమిషాలు కూచున్నాను. స్టవ్ మీద పాలు పొంగి, ఇగిరి, మాడి, గిన్నె నల్లబడింది. పేజీ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

ఆ పేజీ వికీసోర్సు అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలోది. అక్కడ రంగులు ముఖ్యం. రచయిత కాలంచేసి 60 ఏళ్లు దాటితే పుస్తకం అందరిదీ అవుతుంది. దాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తారు, యంత్రం చదువుతుంది, ఎలా చదివిందో మనం చూడాలి. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, వేరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. మన పసుపుని మనమే ఆకుపచ్చ చేసుకోకూడదు. ఇంత పద్ధతి మా అపార్ట్‌మెంట్ లెక్కల్లో కూడా లేదు.

యంత్రం మరీ చెడ్డదేం కాదు. దాని గొడవంతా అరసున్నతోనే. చిన్నప్పుడు మా పంతులుగారు పలక మీద అరసున్న రాసి, "ఇది ఉంది గానీ రాయక్కర్లేదు" అని చెరిపేశారు. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటివాళ్లు ఒకరిద్దరుంటారు, హాజరుపట్టీలో తప్ప కనబడరు. వందేళ్ల నాటి అచ్చులో మాత్రం అరసున్నలు పెళ్లిపందిట్లో పిల్లల్లాగా ఎక్కడ పడితే అక్కడే. యంత్రం కంటికి అది ఇంగ్లీషు 'సీ' అక్షరం. 'వాఁడు' అని ఉంటే వాకీ డుకీ నడుమ ఒక 'సీ'ని తెచ్చి కూచోబెడుతుంది. ఒక్క పేజీలో 37 లెక్కపెట్టాను. ఆ లెక్కపెట్టే టైంలో తీసెయ్యొచ్చుగా అంటారు. తీస్తే తీరదు, ఆ చోట అరసున్న పెట్టాలి. నా ఫోన్లో అదెక్కడ దాక్కుందో కనిపెట్టడానికే రెండ్రోజులు పట్టింది. పెట్టకపోతే ఏం పోయె అనుకుంటే, అర్థమే పోతుంది. ఏడు అంటే 7, ఏఁడు అంటే సంవత్సరం. నాకు రెండిట్లోనూ ఏడుపే వినిపిస్తోంది. వాడుకభాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఆగస్టు 29న అందరూ ఒక దండ వేస్తారు. ఈ ఏడు (అరసున్న మీరే పెట్టుకోండి) నేను రెండు వేస్తాను.

"తా దూర కంత లేదు, మెడకో డోలు" అంది మా ఆవిడ గిన్నె తోముతూ. "కరెంటు బిల్లు కట్టమంటే తీరిక లేదంటారు. ఎప్పుడో పోయినాయన పుస్తకానికి సున్నలు పెడతారా? అవీ సగం సున్నలు!"

నా కోపం సున్నల మీద కాదు, ఐదు నిమిషాలన్న మాట మీద. రక్తం ఇమ్మన్నవాళ్లూ అంతే. 350 మిల్లీలీటర్లు తియ్యడం పది నిమిషాల పనే, కానీ ఫారం నింపి, బరువు తూగి, బిస్కెట్ తిని, ఫొటో దిగి బయటపడేసరికి పూట గడుస్తుంది. కాకపోతే అక్కడ ఒక సుఖముంది, మూడు నెలల దాకా మళ్లీ రావద్దంటారు. అరసున్నలు అలా అనవు.

నేను పసుపు చేసిన పేజీలు తెల్లారేసరికి ఆకుపచ్చగా మారుతుండేవి. ఎవరో మారుపేరుతో రాత్రి ఒంటిగంటా రెండింటి మధ్య వచ్చి, నేను వదిలేసిన రెండుమూడు అరసున్నలు పెట్టి వెళ్లేవారు. ఆడో మగో, ఏ ఊరో తెలీదు. నా తప్పులు పట్టడానికి నిద్ర మానుకున్నారా అని మొదట్లో ఒళ్లు మండేది. పదిహేను రోజులుగా నా పేజీలు పసుపుగానే ఉంటున్నాయి. ఆ మనిషికి పరీక్షలో, ఇంట్లో జ్వరాలో, నాలాగే విసుగో.

పేజీ చరిత్రలో ప్రతి మార్పు పక్కనా ధన్యవాదాలు చెప్పే లంకె ఒకటుంటుంది. నొక్కడానికి ఐదు నిమిషాలు కాదు, ఐదు క్షణాలు. ఇన్ని నెలల్లో నేను ఒక్కసారీ నొక్కలేదు, తీరిక లేక.

నిన్న పాలు మాడింది అరసున్నల వల్ల కాదు. పాత పేజీలన్నీ వరసగా తెరిచి ఆ లంకె నొక్కుతూ కూచున్నాను. మా ఆవిడకి మాత్రం అరసున్నలనే చెప్పాను.