రెండో రీలు

మా వదిన విజయవాడ వెళితే ఒక వీధిలో అడుగుపెట్టదు. మండుటెండలో అయినా సరే, రెండు సందులు చుట్టు తిరిగి వెళుతుంది. 1987లో ఆ వీధిలో ఒక కలర్ ల్యాబ్ ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అయినా ఆవిడ కోపం చల్లారలేదు. తన పెళ్ళి ఫోటోల రెండో రీలుకి లైటు తగలనిచ్చి తగలేసింది ఆ ల్యాబ్‌వాళ్ళే అని ఆవిడ లెక్క. పుట్టింటివాళ్ళతో దిగిన గ్రూపు ఫోటో ఆ రీల్లోనే పోయింది. వాళ్ళ నాన్నగారు మరుసటి సంక్రాంతికి లేరు. తండ్రీకూతుళ్ళు కలిసి ఉన్న ఫోటో మరొకటి లేదు.

ఈ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ వచ్చేదే. విని విని మాకు అలవాటైపోయింది.

మొన్న వదిన కూతురి నిశ్చితార్థానికి ఫోటోలు తనే తీస్తానని మా అన్నయ్య కొడుకు పట్టుబట్టాడు. వాడి దగ్గర నికాన్ డిజిటల్ కెమెరా ఉంది. ఒక ఫ్లాష్ ఉంది, రెండోది కొనడానికి మాత్రం జేబు ఒప్పుకోలేదు. అప్పుడే మా ఊరి ఫోటో మాస్టారు స్టూడియో గది ఖాళీ చేస్తూ, తన పాత జపాన్ ఫ్లాష్‌ని వాడి చేతిలో పెట్టారు. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళపాటు ఏ పెళ్ళి జరిగినా ఆయనా, ఆ ఫ్లాషూ ఉండాల్సిందే. వదిన పెళ్ళి కూడా అందులో ఒకటి.

మూత తీస్తే లోపల పెన్సిల్ బ్యాటరీలు కారి, తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. వాడు ఓపిగ్గా గీకి, వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, నాలుగు కొత్త సెల్స్ వేశాడు. సన్నగా కీమని కూత మొదలై, పైకి పైకి పోయి, చెవికి అందకుండా పోయింది. చాలాసేపటికి వెనకవైపు నారింజరంగు దీపం వెలిగింది. ఏళ్ళ తరబడి మూలపడ్డ ఫ్లాష్‌కి మొదటిసారి అంతసేపు పడుతుందట. నాలుగైదుసార్లు వెలిగిస్తే మళ్ళీ దారిలో పడుతుందన్నాడు.

"ఇంకేం, కెమెరా మీద పెట్టి కొట్టు" అన్నాను.

"అమ్మో! పెడితే కెమెరా కాటికే బాబాయ్" అన్నాడు.

విషయం ఏమిటంటే, ఫ్లాష్ లోపలి కెపాసిటర్ మూడొందల వోల్టుల దాకా నిండుతుంది. పాత ఫ్లాషుల్లో చాలావాటికి ఆ వోల్టేజీ ఇంచుమించు అలాగే కింద కాలి దగ్గరున్న పిన్నుదాకా వచ్చి కూచుంటుంది. అప్పటి కెమెరాలకి దానితో బాధ లేదు. షట్టర్ తెరుచుకోగానే లోపల రెండు లోహపు రేకులు తాకుతాయి, ఫ్లాష్ వెలుగుతుంది, అంతే. డిజిటల్ కెమెరాలో ఆ రేకుల పని చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ చేస్తుంది. దానికి అంత కరెంటు తగిలితే ఒకరోజు కాకపోతే ఒకరోజు కాలుతుంది. పైన 250 వోల్టులు దాటినది తగిలించొద్దని నికాన్ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. పాత కానన్ డిజిటల్ మోడళ్ళ విషయంలో 6 వోల్టులు దాటితేనే భయపడేవాళ్ళున్నారు. పేరు చూసి నమ్మడానికీ లేదు. ఒకే వివిటార్ 283లో జపాన్‌లో తయారైన తొలినాటివి వందల వోల్టులు చూపిస్తే, తర్వాత వచ్చినవి పదికి అటూఇటూ చూపిస్తాయి. కొలవకుండా ఏదీ చెప్పలేం.

వాడు మల్టీమీటరు తెచ్చి, ఎర్ర తీగ నడిమి పిన్నుకీ, నల్ల తీగ కాలి పక్కనున్న లోహానికీ ఆనించాడు. 264 అని చూపించింది. స్విచ్ ఆపేసినా చాలాసేపు ఆ అంకె దిగలేదు. "వేలు పెట్టకు బాబాయ్" అని నన్ను పక్కకి జరిపాడు.

ఫ్లాష్‌ని అలా తిప్పుతున్నప్పుడే వాడి కంట్లో ఒకటి పడింది. వెనకాల టెస్ట్ బటన్ ఉంటుంది, ఫ్లాష్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి. ఎప్పుడో ఒకసారి నొక్కేది. అది బొటనవేలి ఆకారంలో గుంటపడి, మీది అక్షరాలు చెరిగిపోయి, నున్నగా మెరుస్తోంది. మిగతా బటన్లన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. "తాతగారు తెగ టెస్ట్ చేసుకునేవారే!" అని నవ్వాడు.

ఇక దాన్ని కెమెరాకి తగిలించే ప్రసక్తి లేదు కాబట్టి, వేరే వెలుగు పడగానే వెలిగే స్లేవ్ ఒకటి కొని దాని కాలికి బిగించాడు. కెమెరా మీది కొత్త ఫ్లాష్ మెరిస్తే, మూల స్టాండు మీదున్న పాతది చూసి తనూ మెరుస్తుంది. వైరు లేదు, కెమెరాతో పొత్తు లేదు. తొలి ఫోటోలో పాతది మెరిసింది కానీ ఆ వెలుగు ఫోటోలో లేదు. కొత్త ఫ్లాష్ ఆటోలో ఉంటే, అసలు మెరుపుకి ముందు కొలత కోసం చిన్న మెరుపు ఒకటి విసురుతుంది. దాన్ని చూసి పాతది తొందరపడింది. కొత్తదాన్ని మాన్యువల్‌లో పెట్టాక రెండూ ఒకేసారి మెరిశాయి. గోడ మీది నీడలు పోయి, పట్టుచీర జరీ పోగు పోగునా తేలింది. రెండో ఫ్లాష్ డబ్బులు మిగిలాయని మా అన్నయ్య మీసం దువ్వాడు. ఆ విషయంలో అచ్చం మా నాన్నగారి పోలిక. రూపాయి దగ్గర ఆయన మహా గట్టివారు.

నిశ్చితార్థం రోజు ఫోటో మాస్టార్ని పిలిచి ముందువరస కుర్చీలో కూచోబెట్టాం. వదిన మాత్రం కొడుకు వెంటే తిరుగుతోంది. "మా వాళ్ళందర్నీ రెండేసిసార్లు తియ్యరా. కార్డు నిండితే ఇంకోటి పెట్టు, మళ్ళీ ఏ ల్యాబ్‌వాడో తగలెట్టాడని చెప్పకు."

భోజనాలయ్యాక వాడు మాస్టారి పక్కన చేరి ఫోటోలు చూపించాడు. "చూశారా తాతగారూ, మీ ఫ్లాష్ కెమెరాకి తగిలించకుండానే ఎలా పనిచేసిందో!"

ఆయన బోసినోటితో నవ్వారు. "కెమెరా లేకుండా వెలగడం దానికేం కొత్తట్రా? సగం పెళ్ళిళ్ళు అలాగే లాగాం."

"అదెలా?"

"రీలుకి 36. పెళ్ళికొచ్చేది మూడొందలమంది. జీలకర్రబెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు వదలకూడదు. కట్నాలు చదివించేటప్పుడు మేమంటే మేమని ఎగబడేవాళ్ళకి కెమెరా కంటికి పెట్టుకుని, వెనక బటన్ నొక్కేవాణ్ణి. మెరుపు పడితే చాలు, నవ్వుకుంటూ దిగిపోయేవాళ్ళు. తర్వాత ఎవరైనా అడిగితే రీలుకి లైటు తగిలిందనో, ల్యాబ్‌లో పోయిందనో అనేవాళ్ళం. అందరూ చేసిందే."

వదిన అప్పుడే ఆయనకి కాఫీ తెచ్చింది. గ్లాసు ఇవ్వకుండా అలాగే నిలబడింది.

"నా పెళ్ళిలో పోయిన రెండో రీలు కూడా అంతేనా మాస్టారూ?"

ఆయన కాసేపు నీళ్ళు నమిలారు. ఎనభై దాటిన మనిషి, ఇక దాచి ఏం చేసుకుంటారు?

"రెండో రీలెక్కడిదమ్మాయ్? మీ మామగారు కొనిచ్చింది ఒక్కటే. ఆడపెళ్ళివారు వేదికెక్కితే ఉత్తిది కొట్టమని ఆయనే చెప్పారు. డబ్బులిచ్చేది ఆయన కదా."

మామగారంటే మా నాన్నగారు. ఆ రాత్రి అన్నయ్య కొడుకు పెళ్ళి ఆల్బం తీసి లెక్కపెట్టాడు. సరిగ్గా 36 ఫోటోలు. పదకొండింటిలో మా నాన్నగారున్నారు.