గాలం మొన ఆకాశానికి

నా జాతిలో చాలామంది గాలం మొనను పొట్ట కింద పెట్టుకుని నీళ్ల మీద తేలతారు. దాచుకున్నామని వాళ్ల నమ్మకం. కిందనున్న చేపకు ముందుగా కనబడేది ఆ ఇనుప వంపే. నేను మాత్రం మొనను వీపు మీద, రెండు రెక్కల నడుమ నిలబెట్టుకుని తేలతాను. నన్ను చూసినవాళ్లు బోర్లా పడిందనుకుని తిప్పబోతారు. నేను మేఫ్లై పురుగు బొమ్మను. నీట మునగకుండా పైనే తేలుతూ చేపను మోసం చేయడం నా పని. మా వాళ్లని డ్రై ఫ్లై అంటారు.

పుట్టింది పెద్ద అంబర్‌పేట్‌లో, విజయవాడ హైవే లారీల మోత వినబడే ఓ ఇంటి మేడగదిలో. కట్టినాయన రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. కొలరాడోలో కూతురి దగ్గర ఓ వేసవి గడిపినప్పుడు, అల్లుడు ఏటి ఒడ్డుకు తీసుకెళ్తే ట్రౌట్ చేపల వేట చూశాడు. చేపల కన్నా మాలాంటి బొమ్మ ఈగల పెట్టె ఆయనకు బాగా నచ్చింది. తిరిగొస్తూ గాలాలు, వాటిని బిగించి పట్టే చిన్న వైస్ తెచ్చుకున్నాడు. ఈకలకు మాత్రం హయత్‌నగర్ నాటుకోళ్ల దుకాణమే దిక్కయింది.

ముందు నా అసలు మనిషి, అదే, అసలు పురుగు సంగతి చెప్పాలి. మేఫ్లై పిల్లపురుగు నీటి అడుగున రాళ్ల సందుల్లో చాలా జాతుల్లో ఏడాది దాకా, కొన్నింటిలో రెండేళ్లు బతుకుతుంది. తన రోజు రాగానే పైకి తేలి, చర్మం చీల్చుకుని, రెక్కలు నిలబెట్టుకుని నీటిపొర మీద కాసేపు కూర్చుంటుంది. ట్రౌట్ కాచుకుని ఉండేది ఆ కాసేపటికే. తప్పించుకున్నది చెట్టు మీద వాలి మరోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగు లోకంలో ఇదొక్కటే. పెద్దయ్యాక తిండి లేదు, నోరు ఉన్నా పనిచేయదు. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఎగిరి, జతకట్టి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. నేను ఆ కాసేపు కూర్చున్న భంగిమకు నకలుని.

ఆ భంగిమను ఎవరి కంటితో చూడాలన్నదే గొడవ. దుకాణాల్లో ఈగల్ని మనుషులు పై నుంచి చూసి కొంటారు. చేప చూసేది కింద నుంచి. నీళ్లలోని చేపకు బయటి లోకమంతా తల మీద ఓ గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. వక్రీభవనం వల్ల దాని కోణం సుమారు 97 డిగ్రీలు. అడుగు లోతున ఉన్న చేపకు కిటికీ వెడల్పు రెండుంపావు అడుగులు. ఆ కిటికీ అవతల నీటి పైపొర అద్దమైపోతుంది, ఏటి అడుగే అందులో కనబడుతుంది. దూరం నుంచి వచ్చే పురుగు ఆ అద్దం మీద కాళ్లతో చేసిన సొట్టలు మాత్రమే చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి. దగ్గరయ్యేకొద్దీ కిటికీ అంచున ముందు రెక్కలు, తర్వాత ఒళ్లు. మామూలు ఈగ గాలం ఆ పొరను చీల్చుకుని కిందికి దిగుతుంది. నిజం పురుగుకు అలాంటి తోక ఏనాడూ లేదు.

ఇంగ్లండులో జాన్ గొడార్డ్, బ్రయన్ క్లార్క్ అనే ఇద్దరు ఈ చూపునే పట్టుకుని నీటి కింద నుంచి ఫొటోలు తీశారు. 1980లో ‘ది ట్రౌట్ అండ్ ది ఫ్లై’ అనే పుస్తకం వేశారు. గాలాన్ని పైకి తిప్పిన మేఫ్లై నమూనా అందులో ఉంది. నా ఒంటి లెక్క అక్కడిదే. మాస్టారికి అది నచ్చడంలో వింతేముంది? ముప్పై ఏళ్లు వక్రీభవనం పాఠం చెప్పినా దాన్ని చేతిలో పట్టుకోవడం ఆయనకు ఇదే మొదలు.

నన్ను కట్టడం తీరిక పనే. మొన ఉన్న వైపు రెక్కలు కట్టాలి, ఒకటి రవ్వంత పెద్దదైనా గాలిలో గిర్రున తిరిగి దారాన్ని మెలిపెడతాను. మొన లేని వైపు నైలాన్ ముక్కను చిన్న గుంజలా నిలబెట్టి, పుంజు మెడ ఈకను దాని చుట్టూ అడ్డంగా చుట్టాలి. ఆ ఈక పోగులు చక్రంలా విచ్చుకుంటేనే నేను వాటి మీద నిలబడతాను. పెట్ట ఈక పనికిరాదు, మెత్తన, నీళ్లు పీల్చేస్తుంది. నాది డేగ పుంజు ఈక, బిరుసు. చివరి ముడి మీద మాస్టారి భార్య గోళ్లరంగు సీసాలోంచి ఓ చుక్క.

“మనవరాలికి జడ వేయమంటే చెయ్యి వణుకుతుందంటారు, దీనికి వణకదేం?” అందావిడ.

పుంజు ఈకతో మా బంధం ఇప్పటిది కాదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు: గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గొంతు కింది మైనంరంగు ఈకలు రెండు కడతారని. ఇరవయ్యో శతాబ్దంలో మన దేశపు పుంజుల మెడతోళ్లు ఓడలెక్కి అమెరికా, ఇంగ్లండు వెళ్లేవి. ఈకల కోసమే అక్కడ పుంజుల్ని పెంచడం మొదలయ్యాక ఆ గిరాకీ పడిపోయింది.

పరీక్ష గాజు తొట్టిలో జరిగింది. తొట్టిని ఎత్తు స్టూలు మీద పెట్టి, మామూలు ఈగనొకదాన్ని, నన్ను పక్కపక్కన వదిలారు. మనవరాలు కింద కూర్చుని పైకి చూసింది. “తాతా, దీనికి ముల్లు లేదు!” అంది నన్ను చూపించి. అంతకు మించిన సర్టిఫికెట్ నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఆ ఊపులో మాస్టారు నన్ను ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు తీసుకెళ్లాడు. కుతుబ్‌షాహీ కాలపు చెరువు, ఇబ్రహీం కులీ పేరే ఊరికీ ఉంది. చెరువు పట్టిన మత్స్యకారుల సంఘంవాళ్లను అడిగి కట్ట మీద నిలబడ్డాడు. పక్కన వెదురుకట్టె పట్టుకున్న పెద్దాయన కాసేపు చూసి ఉండబట్టలేక అడిగాడు.

“ఎర ఏది సారూ?”

“ఇదే పెద్దాయనా.”

“గీ ఈకెకు చేప వడ్తదా? పిండిముద్ద వెట్టు, లేకుంటే ఎర్రలు వెట్టు. కొర్రమీనుకైతే కప్పపిల్ల గావాలె.”

ఆయన అన్నదే నిజమైంది. మ్రిగాల అడుగున బురద వెతుక్కుంటుంది, రవ్వ నడుమ తిరుగుతుంది. బొచ్చెకు నోరు పైకే ఉంది గానీ అది కోరేది కంటికి ఆనని నీటి నలుసుల్ని, నన్ను కాదు. పరకలు మాత్రం వచ్చి నా పోగుల్ని పొడిచి పోయాయి. పైగా నీళ్లు మట్టిరంగు. నా మొన పైకుందా కిందికుందా అని చూసే కళ్లే ఆ చెరువులో లేవు. ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి, మన ఎండాకాలపు చెరువులో అది బతకదు. దక్షిణాదిలో ట్రౌట్‌ను చూడాలంటే బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన నీలగిరులకో మున్నార్‌కో పోవాలి.

ఇంకో మాట. మేఫ్లై పిల్లపురుగుల్లో ఎక్కువ జాతులకు ప్రాణవాయువు దండిగా ఉన్న నీళ్లు కావాలి. అందుకే ఏరు శుభ్రంగా ఉందో లేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు ముందు వీటినే లెక్కబెడతారు. నేను పుట్టిన గదికి ఉత్తరాన మూసీ పారుతుంది. నగరం మురుగంతా మోసే ఆ నీళ్లలో నా అసలు పురుగు కోసం వెతకడం దండగ. బొమ్మను కట్టగలిగిన ఊరికి పురుగును నిలుపుకునే ఏరు లేకపోయింది.

ఇప్పుడు నేను పెట్టెలో ఉన్నాను, వచ్చే వేసవిలో కొలరాడో ప్రయాణం. నా గురించి గొప్పలు విని మోసపోకండి. పరుగెత్తే ఏటిలో, తరగల మీద చేపకు తీరిగ్గా పరికించే వ్యవధి ఉండదు. అక్కడ మామూలు ఈగే చాలు, కట్టడమూ సులువు. నిదానంగా, తేటగా పారే నీళ్లలో, ఎన్నో గాలాలు చూసి ముదిరిన ట్రౌట్ ముందు మాత్రం నన్ను వేయండి. అన్నట్టు, కొలరాడోలో పదహారేళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా గాలం వేయకూడదు. అమ్మానాన్నల్ని ఏటికి తీసుకెళ్లే పిల్లలు ముందు వాళ్ల పేరున అది తీసుకోండి.