చిన్న కేసేగా, ఒప్పేసుకో!

టెక్సాస్‌లో మేముండే అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్‌లో మొన్నామధ్య ఒక పుట్టినరోజు పండగ జరిగింది. అర్ధరాత్రి పన్నెండు. ఎమ్మెస్ చదివే మన కుర్రాళ్ళు ఆరుగురు. స్ట్రాబెర్రీ కేకు ఒకటి. అందులో కడుపులోకి వెళ్ళింది పావు వంతు, మొహానికి పట్టించింది ముప్పావు వంతు. ఆపైన మన ఆనవాయితీ ప్రకారం బర్త్‌డే బంప్స్. ఇద్దరు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఊపుతుంటారు, ముగ్గురు వంతులవారీగా వెనక నుంచి తంతుంటారు, పుట్టినవాడు "చాలన్నా, చచ్చిపోతానన్నా" అని పరమానందంగా కేకలు పెడుతుంటాడు.

రెండో అంతస్తు కిటికీలోంచి చూసిన ముసలావిడకి ఈ ఆనందం బోధపడలేదు. ఐదుగురు కలిసి ఒకణ్ణి చావబాదుతున్నారనీ, వాడి మొహం నుంచి ఎర్రగా ఏదో కారుతోందనీ 911కి ఫోన్ చేసింది. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. మన పండగలు మనకే ఒక్కోసారి అర్థం కావు.

పోలీసులు వచ్చారు, టార్చిలైట్లు వేశారు, తలా ఒక టికెట్టు రాసి చేతిలో పెట్టారు. డిజార్డర్లీ కాండక్ట్, టెక్సాస్ శిక్షాస్మృతి 42.01, బహిరంగ స్థలంలో కొట్లాట, క్లాస్ సి మిస్‌డిమీనర్. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి జాగా కూడా ఈ రాష్ట్రంలో బహిరంగ స్థలమే. తన్నులు తిన్నవాడికీ ఒక టికెట్టు దక్కింది. కొట్లాటకి రెండో పక్షం కావాలి కదా! ఆఫీసరు పుట్టిన తేదీ గడి నింపుతూ ఒక్క క్షణం ఆగి, "హ్యాపీ బర్త్‌డే" అని కూడా అన్నాడట.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. అసలు ఘోరం మర్నాడు సాయంత్రం, పులిహోర ట్రేల మధ్య, పాట్‌లక్‌లో జరిగింది.

మా కాలనీలో అందరికీ బాబాయి అయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పగలు డేటాబేసులు చూసుకుంటారు, పొద్దుగూకాక న్యాయశాస్త్రం చెబుతారు. ఆయన తీర్పు ఇది: "ఒరేయ్, క్లాస్ సి అంటే ట్రాఫిక్ టికెట్టుతో సమానం. జైలు లేదు. జరిమానా ఎంత పడినా 500 డాలర్లు దాటదు. ఆన్‌లైన్‌లో కట్టేసి హాయిగా పడుకోండి." నాలుగు వాక్యాల్లో మొదటి మూడూ నిజాలే. వైద్యం తెలియనివాడు కూడా జ్వరాన్ని జ్వరమనే అంటాడు, తేడా వచ్చేది మందు దగ్గరే.

ఐదుగురు ఆ రాత్రే కట్టేశారు. కట్టడం ఎంత సులువో చెప్పాలి. టికెట్టు నంబరు, కార్డు నంబరు, ఒక నొక్కుడు. ఫోన్‌పేలో టీ డబ్బులు పంపినంత తేలిక. పైగా క్రెడిట్ కార్డు పాయింట్లు వస్తాయని ఒకడు సంబరపడ్డాడు కూడా. ఆ నొక్కుడుకి టెక్సాస్ చట్టంలో ఒక అర్థం ఉంది. జరిమానా చెల్లించడమంటే 'నేను పోరాడను' అని కోర్టులో చెప్పినట్టు, ఆ మాట మీద దోషిగా తేలినట్టు. బాబాయికి అది బిల్లు, కోర్టుకి అది నేరనిర్ధారణ.

ఈ 'కట్టేసి పడుకో' శాస్త్రం ఆయన సొంత ఆవిష్కరణేమీ కాదు, సూట్‌కేసులో ఆవకాయతో పాటు తెచ్చుకున్నదే. మన ఊళ్ళో పెట్టీ కేసంటే ఏమిటి? బెంచి ముందు వరసగా నిలబెడతారు, కానిస్టేబుల్ ముందే చెవిలో ఊదుతాడు, "ఒప్పుకుంటున్నా సార్" అంటాం, జరిమానా కడతాం, బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతాం. పదేళ్ళ తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చినప్పుడు ధ్రువీకరణ ఫారంలో 'మీకెప్పుడైనా కోర్టు జరిమానా విధించిందా' అనే గడి ఎదురైతే అప్పుడు ఆ చాయ్ చేదెక్కుతుంది. దాన్ని దాచినందుకు ఉద్యోగాలు పోయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. 2016లో అవతార్ సింగ్ కేసులో ఆ కోర్టు, కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిల్లర నేరాలను దాచినా యజమాని తలచుకుంటే క్షమించవచ్చని చెప్పవలసి వచ్చింది. తలచుకుంటే!

ఇక్కడి ఫారాలు ఇంకా శ్రద్ధగలవి. వీసా దరఖాస్తు అరెస్టుల గురించీ శిక్షల గురించీ అడుగుతుంది, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పమంటుంది. పౌరసత్వం దరఖాస్తు ఇంకో మెట్టు ఎక్కి, ఏ పోలీసైనా మీకు టికెట్టు రాశాడా అని కూడా అడుగుతుంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విద్యార్థులుగా ప్రభుత్వం దగ్గరుండే వాళ్ళ చిట్టాలు, ఉన్నట్టుండి రద్దయ్యాయి. పోలీసు డేటాబేసులో పేరు తగలడమే చాలామంది చేసుకున్న పాపం. వాళ్ళలో కొట్టేసిన కేసుల వాళ్ళూ ఉన్నారు. కోర్టులు తలంటాక ఆ నెలాఖరుకి రికార్డులు వెనక్కి ఇచ్చారనుకోండి. ఆ మూడు వారాలు ఆ పిల్లలు ఎన్ని రాత్రులు నిద్రపోయారో బాబాయి లెక్కలో లేదు.

పాట్‌లక్‌లో బాబాయికి పోటీగా ఒక అన్నయ్య కూడా లేచాడు. ఆయనది అరవిద్య, అంటే ఇంకా ప్రమాదం. "కట్టొద్దురా, డిఫర్డ్ తీసుకో. 180 రోజులు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు, రికార్డు కడిగిన ముత్యం!" టెక్సాస్ వరకు నిజం. కానీ ఆ ముత్యం చేతికి రావాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా పోరాడనని చెప్పాలి. 1996 నుంచి ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు. ఒప్పుకోలు ఉండి, దాని మీద జడ్జి ఏదో ఒక ఆంక్ష పెట్టి ఉంటే, రాష్ట్రం తర్వాత కొట్టేసినా సరే, దాన్ని శిక్షగానే పరిగణించే వీలు ఆ చట్టంలో ఉంది. రాష్ట్రం మరిచిపోతుంది, కేంద్రం గుర్తుపెట్టుకుంటుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ డిజార్డర్లీ కాండక్ట్ అనేది ఒక్కోసారి వరం కూడా. దుకాణంలో దొంగతనం కేసులో ఇరుక్కున్నవాడికి తెలివైన లాయరు బేరమాడి దాన్ని డిజార్డర్లీకి దింపుతాడు. ఇమిగ్రేషన్ చట్టంలో దొంగతనానికి నైతిక పతనమనే ముద్ర ఉంది, కేకలకూ గోలకూ మామూలుగా ఆ ముద్ర ఉండదు. అక్కడ ఒప్పుకోవడం మందు. కానీ కేకు పూసుకున్నవాడికి అదే మాత్ర మింగించడం, పక్కింటివాడికి ఆపరేషన్ జరిగి బాగుపడ్డాడు కదా అని మనమూ పొట్ట కోయించుకోవడం లాంటిది.

అసలీ సెక్షన్లో ఏముందో ఎవరైనా చదివారా అని పాట్‌లక్‌లో అడిగాను. గారెల వైపు చూశారు. నేను చదివాను. బహిరంగ స్థలంలో బూతులు, పాడు సైగలు, మితిమీరిన చప్పుడు, కొట్లాట, ఇతరుల కిటికీల్లోకి తొంగిచూడటం, ఇంకా రసాయనాలతో భరించలేని ఘాటు పుట్టించడం కూడా నేరమే. ఆ ఘాటు దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ ఎండుమిర్చి తాలింపు వేసిన రోజు మొత్తం కారిడార్ దగ్గుతుంది. మిర్చిలోని క్యాప్సైసిన్ రసాయనం కాదని ఏ లాయరు వాదిస్తాడు? బూతు సంగతి చూడండి, ఆ మాట అనగానే అక్కడికక్కడే కొట్లాట రేగేటట్టు ఉండాలట. మనవాడు నిండు గోదావరి జిల్లా తిట్టు తిట్టినా, తెలుగు రాని ఆఫీసరు అది ఆశీర్వచనమనుకుంటే నేరం నిలుస్తుందా? కోర్టు దుబాసీ దాన్ని ఇంగ్లీషులోకి ఎలా దించుతాడో వినడానికైనా ఒకసారి విచారణకి వెళ్ళాలి. విస్కాన్సిన్ వాళ్ళు ఇంకా ఘనులు. ఆరు విశేషణాలు పేర్చి, చివర 'లేదా మరో విధంగా డిజార్డర్లీగా' అన్నారు. పెసరట్టంటే ఏమిటయ్యా అంటే పెసరట్టు లాంటిదని! దానికి అక్కడ 90 రోజుల జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా.

ఇంత జారుడు చట్టం చేతికిచ్చాక, ఎదురు మాట్లాడినవాడి మీద దాన్ని వాడకుండా ఉంటారా? 2009 జులైలో హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్‌ని ఆయన ఇంటి గుమ్మం ముందే పట్టుకుని ఇదే కేసు పెట్టారు. ఐదు రోజులకి ఉపసంహరించారు, నెలాఖరుకి ఒబామా ఆయన్నీ ఆ పోలీసునీ పిలిచి వైట్‌హౌస్‌లో బీరు పోశారు. మనకి అంత సీను లేదు కనక, ఉన్నదల్లా డిఫెన్సే.

అలాంటి డిఫెన్సు ఎలా ఉంటుందో చూడాలంటే శాం థాంప్సన్ దగ్గరికి వెళ్ళాలి. 1959 జనవరి 24, శనివారం సాయంత్రం. కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో లిబర్టీ ఎండ్ కెఫే. ఇంటికెళ్ళే బస్సు కోసం ఎదురుచూస్తూ ఈ నల్లజాతి పెద్దాయన లోపల ఒంటరిగా కాళ్ళు కదుపుతూ అడుగులు వేస్తున్నాడు. కెఫే మేనేజరుకి అభ్యంతరం లేదు. ఇద్దరు పోలీసులకి వచ్చింది. ఊరికే తచ్చాడుతున్నావని అరెస్టు చేశారు. ఎందుకని అడిగాడు, వాదించాడు, అందుకు డిజార్డర్లీ కాండక్ట్ అదనం. కోర్టులో ఆయన పాత అరెస్టుల చిట్టా కూడా చూపించారు, మొత్తం 54. చిన్న కేసులు పిల్లలు పెడతాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? రెండు నేరాలకీ చెరో 10 డాలర్లు జరిమానా.

20 డాలర్లు! మన బాబాయి ఉంటే ఆ కెఫేలోనే చందా వేయించి కట్టించేసేవారు. థాంప్సన్ కట్టలేదు. అంత చిల్లర జరిమానా మీద కెంటకీలో అప్పీలుకి ఏ కోర్టూ లేదు. పై మెట్టు లేదు కనక ఆ 10 డాలర్ల కేసులు ఊరి పోలీసు కోర్టు నుంచి తిన్నగా వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టుకి ఎక్కాయి. 1960 మార్చి 21న జస్టిస్ హ్యూగో బ్లాక్ తీర్పు రాశారు, తొమ్మిదిమందిదీ ఒకటే మాట. సాక్ష్యం చాలిందా లేదా అనే చర్చే లేదు, అసలు సాక్ష్యమే లేదు, పోలీసుతో వాదించినంత మాత్రాన నేరం కాదు అని కొట్టేశారు.

లాయరు ఖర్చు భరించలేమంటారా, అదీ నిజమే. జైలు పడని కేసులకి ప్రభుత్వం ఉచితంగా లాయర్ని ఇవ్వక్కర్లేదని 1979లో స్కాట్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ ఖాళీ కుర్చీలోనే బాబాయి వచ్చి కూర్చున్నారు. తేడా ఒకటుంది. నేరం ఒప్పుకుంటే దేశం దాటించే ముప్పు ఉంటే ఆ సంగతి వలసదారుడికి ముందే చెప్పడం డిఫెన్సు లాయరు విధి అని 2010లో పడియా కేసులో అదే కోర్టు తేల్చింది. బాబాయికి ఆ విధి లేదు, ఆయన చెప్పాల్సిందల్లా పులిహోరలో ఉప్పు చాలిందా లేదా అని.

పుట్టినవాడు మాత్రం కట్టలేదు. తన్నులు తిన్నదీ నేనే, జరిమానా కట్టేదీ నేనేనా అని వాడికి రోషం వచ్చింది. అప్పు చేసి లాయర్ని పెట్టుకున్నాడు. నేరం చేయలేదన్నాడు, జ్యూరీ కావాలన్నాడు. టెక్సాస్‌లో 500 డాలర్ల కేసుకి కూడా ఆరుగురు జ్యూరర్లను కూర్చోబెట్టమని అడిగే హక్కుంది. ఒక స్ట్రాబెర్రీ కేకు మీద ఆరుగురు అమెరికన్లు తీర్పు చెప్పాలి. లాయరు 911 రికార్డింగు అడిగింది, ఆఫీసరు చొక్కాకి తగిలించుకున్న కెమెరా వీడియో అడిగింది. ఆ వీడియోలో వెనక ఇంకా ఆగని 'హ్యాపీ బర్త్‌డే' పాట, ముందు క్రీము కారుతున్న మొహం, ఆ మొహం మీద చెవులదాకా సాగిన నవ్వు.

ప్రాసిక్యూటరు వీడియో రెండుసార్లు చూశాడట. "పుట్టినరోజున మీ దేశంలో నిజంగానే తంతారా?" అని అడిగాడట. తంతారని లాయరు బల్లగుద్ది చెప్పింది. ఎవరూ ఎవరితోనూ కొట్లాడలేదని తేలి కేసు కొట్టేశారు. వాడు ఒక్క మాటా ఒప్పుకోనక్కర్లేకపోయింది.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, ఆ రాత్రి పార్కింగ్ లాట్‌లో ఐదుగురు ఒకడితో కొట్లాడినట్టు కోర్టు రికార్డుల్లో ఉంది. ఆ ఒకడు ఎవరితోనూ కొట్లాడలేదని కూడా అవే రికార్డుల్లో ఉంది. ఐదుగురికీ అప్పీలు గడువు దాటిపోయింది. వచ్చే ఏడు హెచ్-1బి ఫారాల్లో ఏం రాయాలని వాళ్ళు మళ్ళీ పాట్‌లక్‌కే వచ్చారు.

బాబాయి గారె విరుస్తూ అన్నారు: "చూశారా, నేను ముందే చెప్పలేదూ? వాణ్ణి వదిలేశారంటేనే తెలియట్లా, చిన్న కేసని!"